మహారాజశ్రీ ఎమ్మార్పీ గారికి సన్మాన పత్రం

మహారాజశ్రీ ఎమ్మార్పీ గారి దివ్య సముఖానికి,

బీపీ వాళ్లం, షుగరు వాళ్లం, థైరాయిడ్ వాళ్లం, మోకాళ్ల నొప్పుల వాళ్లం కలిసి సమర్పించుకుంటున్న సన్మాన పత్రమిది. మందు అట్ట వెనకాల వెండి రేకు మీద, బ్యాచ్ నంబరుకీ ఎక్స్‌పైరీ తేదీకీ నడుమ, భూతద్దానికి తప్ప కంటికి ఆననంత సూక్ష్మరూపంలో తమరు కొలువై ఉంటారు. కంపెనీ, స్టాకిస్టు, డాక్టరు, షాపు, ఆసుపత్రి, అందరి ఆకలీ తెలిసి పుట్టిన ధర్మాత్ములు. ఇంతటి వినయశీలికి ఇన్నేళ్లూ ఒక్క శాలువా కప్పకపోవడం మా కృతఘ్నత.

వదాన్యశేఖరా!

ముందుగా తమరి దానగుణం. మా వీధి చివర మెడికల్ షాపు మీద బోర్డు ఉంది: అన్ని మందుల మీదా 20 శాతం తగ్గింపు. పక్క సందులో 25. ఎదురుగా కొత్తగా తెరిచిన జనరిక్ షాపులో ఏకంగా 80 దాకా. బియ్యం కొట్లోనూ నూనె కొట్లోనూ ఏడాది పొడుగునా ఇంత ధర్మం జరగదు. మాలో పాపిష్టి బుద్ధివాడు ఒకడున్నాడు. వాడు లెక్కలడుగుతాడు. సర్కారు ధర కట్టిన మందుల మీద షాపువాడి వాటా 16 శాతం, కట్టని మందుల మీద వ్యాపారులు కుదుర్చుకున్నది 20 శాతం కదా, ఆ 20 మనకే ఇచ్చేస్తే అద్దె ఎవరు కడుతున్నారు, ఏసీ బిల్లు ఎవరు కడుతున్నారు అని.

వాడికి తమరి లీలలు తెలియవు. పేటెంటు ఎప్పుడో తీరిపోయిన మందును ఒకే కంపెనీ రెండు వేషాల్లో పంపుతుంది. ఒకటి మెడికల్ రెప్పు బ్యాగులో డాక్టరు గారి గది దాకా నడిచే బ్రాండు. రెండోది రెప్పు అక్కర్లేకుండా తిన్నగా కౌంటరుకు చేరే జనరిక్. ఈ రెండో దాన్ని షాపువాడు అట్ట మీది ధరలో చిన్న ముక్కకు కొంటాడు. తమరు మాత్రం దాని మీద కూడా బ్రాండుకు దీటుగా వెలుగుతుంటారు. ఇక అక్కణ్ణుంచి ఎంత దిగినా దానమే. పదికి కొన్న సరుకు మీద వంద అచ్చయి ఉంటే, అందులో నలభై కొట్టేసి "మీకోసమే సార్" అంటే, మేం అరవై చేతిలో పెట్టి, మిగిలిన నలభై సంపాదించుకున్నామన్న తృప్తితో ఇంటికొస్తున్నాం. ఆ తృప్తికి వెల కట్టగలమా?

తమరిని అదుపులో పెడదామని సర్కారు కూడా పాపం ప్రయత్నించింది. 1995 నాటి ఉత్తర్వు 74 మందులకు తయారీ ఖర్చు లెక్కగట్టి ధర నిర్ణయించేది. సరుకెంత, కూలెంత అని అడగడం ఎంత మొరటుతనం! 2013లో ఆ మొరటుతనం పోయింది. అత్యవసర మందుల జాబితాలో ఉన్న ఒక్కో మందుకూ, మార్కెట్లో కనీసం ఒక శాతం వాటా ఉన్న బ్రాండ్లన్నిటినీ వరసగా నిలబెట్టి, "షాపువాడికి ఎంతకిస్తున్నారు నాయనా?" అని మర్యాదగా అడిగి, వాళ్లు అమ్ముకుంటున్న ధరలకే సగటు కట్టి, పైన షాపుకు 16 శాతం కలిపి, ఇదే హద్దు అన్నారు. అందరికన్నా ఎక్కువకు అమ్ముతున్నవాళ్లు కొంత దిగిరావలసి వచ్చింది, అది నిజమే, కాదనం. కానీ మాత్రలో మందు ఖరీదు ఎంత అన్న ప్రశ్న మాత్రం సభామర్యాద కాదని తేలిపోయింది.

జాబితాలో లేని మందులకైతే తమరు ఏటా 10 శాతం పెరగవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెన్షనరు డీఏ బకాయి కోసం ధర్నా చౌక్‌లో ఎండలో కూర్చుంటాడు. తమరు నీడపట్టున కూర్చునే పెరుగుతారు. జాబితాలో ఉన్న మందులకూ అన్యాయం జరగలేదు. టోకు ధరల సూచీ పేరు చెప్పి 2022లో 10.77 శాతం, 2023లో 12.12 శాతం పెంచుకునే వీలు కలిగింది. జాబితాలో ఉండటమే ఇష్టం లేని మాత్రకు ఇంకో దారి ఉంది: మరో మందుతో పెళ్లి. ఒంటరిగా ఉన్నప్పుడు ధర కట్టిన మాత్రకు పక్కన ఇంకోటి జతపడగానే ఇంటిపేరు మారుతుంది, పాత ధర హద్దు గుమ్మంలోనే ఆగిపోతుంది. ఇలాంటి కాపురాల్లో వైద్యపరంగా అర్థం లేనివని 2016 మార్చిలో కేంద్రం 344 జంటలను నిషేధించింది. కోర్టుల్లో రెండేళ్లు నలిగాక 2018 సెప్టెంబరులో ఆ నిషేధం 328 మీద నిలిచింది. అంతదాకా ఆ మాత్రలను మింగినవాళ్ల ఓర్పుకు వేరే శాలువా కప్పాలి.

తమరి పరివారాన్ని మరిచిపోతే దోషం. డాక్టరు గారు మందును దాని అసలు పేరుతోనే రాయడం మంచిదని 2002 నుంచే వైద్య మండలి నియమం ఉంది. 2016లో దాన్ని సవరించి, అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయమన్నారు. 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ ఇంకో అడుగు ముందుకేసి, అసలు పేరుతో రాయాల్సిందే, రాయకపోతే చర్య తప్పదంది. ఆగస్టు 23న ఆ నిబంధనలను పక్కన పెట్టేసింది. మూడు వారాలు! మా ఇళ్లలో యాంటీబయాటిక్ కోర్సులే నయం, అవి పూర్తయ్యేదాకా వాడతాం. డాక్టర్లు చెప్పిన అభ్యంతరం కొట్టిపారేసేది కాదు: నాణ్యత ఎవరు చూస్తారు, నాసిరకం మందు ఇచ్చి జబ్బు తగ్గకపోతే ఎవరిని అడగాలి అని. న్యాయమైన ప్రశ్న. అయితే బ్రాండు మాత్రనూ, బ్రాండు లేని మాత్రనూ పరీక్షించాల్సింది ఒకే డ్రగ్ ఇన్‌స్పెక్టరు గారు. ఆయన మీద రెండో దాని విషయంలోనే అనుమానం పుట్టి, మొదటి దాని విషయంలో అచంచల విశ్వాసం నిలవడం తమరి మహిమ కాక మరేమిటి? బ్రాండుకు పెన్నులిచ్చే రెప్పులుంటారు, సదస్సులుంటాయి. అలాంటివి హద్దు మీరకూడదని 2024లో ఒక నియమావళి వచ్చింది. ఫిర్యాదులు విచారించేది కంపెనీల సంఘాల్లోని నైతిక కమిటీలే. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలన్న మన సంప్రదాయం నిలబడింది.

ఇక మెడికల్ షాపు. ఇక్కడ రెండు ధర్మాలు ఒకే కౌంటరు మీద కాపురం చేయడం చూసి మేం పరవశిస్తుంటాం. ఔషధ నియమాల్లో 65వది ఏమంటుందంటే, చీటీలో రాసిన షెడ్యూల్ హెచ్ మందుకు (అంటే చీటీ లేనిదే అమ్మకూడని మందుకు) బదులు, అందులోనూ అదే మందున్నా సరే, ఇంకోటి ఇవ్వకూడదు. నాలుగేళ్లు బీఫార్మసీ చదివినవాడికి రెండు మాత్రల్లో ఉన్నది ఒకటేనని తెలుసు, తెలిసినా ఇవ్వరాదు. "అన్నా, ఇదే మందు చవక కంపెనీది ఉందా?" అని అడిగి చూడండి. "డాక్టర్ని అడిగి రాయించుకు రండి, మేం మార్చకూడదు" అంటాడు. చట్టం మాట్లాడుతోంది, గౌరవించాం. అదే చీటీలో రాసిన బ్రాండు ఆ రోజు షాపులో లేదనుకోండి. "ఆ కంపెనీది లేదండీ, ఇది సేమ్ కంపోజిషనే, వాడుకోండి" అని చేతిలో పెడతాడు. ఈసారి ఫార్మసీ చదువు మాట్లాడుతోంది. చట్టం ఎప్పుడు మాట్లాడాలో, చదువు ఎప్పుడు మాట్లాడాలో నిర్ణయించేది అట్ట మీద ఉన్న తమరికీ, షాపు కొన్న ధరకీ మధ్య దూరం. అంత చిన్న రేకు మీద కూర్చుని ఇంత పెద్ద తీర్పులు చెప్పే న్యాయమూర్తి ఇంకొకరున్నారా?

తమరికి పోటీగా సర్కారువారి జనఔషధి అనే చిన్నవాడు ఒకడున్నాడు. 2008లో అమృత్‌సర్‌లో పుట్టాడు, చాలాకాలం పాకుతూనే ఉన్నాడు, 2023 నవంబరుకు 10,000 దుకాణాలయ్యాడు. బ్రాండుతో పోలిస్తే సగానికి సగం, కొన్నిచోట్ల ఐదో వంతుకే ఇస్తాడు. వాడి వల్ల తమరికొచ్చే ముప్పేమీ లేదు, నిశ్చింతగా ఉండండి. చీటీలో ఉండేది బ్రాండు పేరు, వాడి దగ్గరుండేది మందు పేరు. ఈ రెండూ ఒకటేనని పోల్చుకోవడానికి మా పెద్దవాళ్లకు చదువు చాలదు. పోల్చుకుని వెళ్తే మూడు మందుల్లో ఒకటి స్టాకు ఉండదు, "సోమవారం కనపడండి" అంటారు. 2018 నుంచి అట్టల మీద అసలు మందు పేరును బ్రాండు పేరు కన్నా కనీసం రెండు సైజులు పెద్దగా అచ్చేయాలన్న నియమం ఉంది. ఆ పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, పక్కన ఎస్సార్ లాంటి అక్షరాలేమైనా ఉన్నాయా, ఈ మూడూ ఫోనులో ఫొటో తీసుకుని వెళ్తే పని జరుగుతుందని మా మనవళ్లు కనిపెట్టారు. మందుల ధరలు చూసే సర్కారు ధరల సంస్థ వారి 'ఫార్మా సహీ దామ్' యాప్‌లో ఏ బ్రాండు ఎంతో కూడా చూస్తున్నారు. మూత్రపిండాలకో, మూర్ఛకో, థైరాయిడ్‌కో వాడే మందు మార్చేముందు డాక్టరుతో ఒక మాట అంటున్నారు. పిల్లలు తెలివిమీరుతున్నారు. తమరు గమనించుకోవాలి.

తమరి విశ్వరూపం మాత్రం ఆసుపత్రిలో చూడాలి. ఢిల్లీ, ఆ చుట్టుపక్కల నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు తీసి చూసిన ధరల సంస్థ, కొన్ని మందుల మీదా, సిరంజిల లాంటి వాటి మీదా లాభం 1,737 శాతం దాకా ఉందని 2018లో ప్రకటించింది. ఇందుకు ఎవరూ తమరిని దాటనక్కర్లేదు. పెద్ద మొత్తంలో కొనే ఆసుపత్రి ఎంత కావాలంటే తమరు అంత ఎత్తు పెరిగి అచ్చవుతారు. మంచం మీద ఉన్నవాడు బేరమాడలేడు, బయటి షాపుకు లేచి వెళ్లలేడు. లోపలి ఫార్మసీలోనే కొనాలన్న బలవంతం గురించి సుప్రీంకోర్టు 2025 మార్చిలో విని, రోగులు దోపిడీకి గురికాకుండా రాష్ట్రాలు విధానం ఆలోచించుకోవాలంది. రాష్ట్రాలు ఆలోచించుకోవాలి. గ్లూకోజు బాటిల్ ఎక్కుతూ ఉంటుంది.

హైదరాబాదు వాళ్లం తమరికి చుట్టరికం కూడా కలుపుతాం. బాలానగర్‌లో సర్కారువారి మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్ పుణ్యమా అని మందుల తయారీ విద్య ఈ ఊరికొచ్చింది. అంజిరెడ్డి గారి లాంటివాళ్లు అక్కడ పనిచేసి, ఆ తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. ఐడీపీఎల్ మూతపడింది, విద్య మిగిలింది. పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు రాత్రిపూట వీచే ఘాటు వాసన మా వాటా. తయారైన మాత్రలు అమెరికా వెళ్తాయి. అమెరికాలో ఉన్న మా పిల్లలు సెలవులకొచ్చి, వెళ్లేటప్పుడు ఆవకాయ సీసా పక్కన ఆరు నెలలకు సరిపడా మందులు సర్దుకుంటూ "ఇక్కడ ఎంత చవక నాన్నా!" అంటారు. డాలర్లలో చూస్తే తమరు నిజంగా కరుణామయులే. రూపాయల్లో పింఛను తీసుకునే నాన్న నవ్వి ఊరుకుంటాడు.

ఆ నాన్నకు పొదుపు నేర్పింది కూడా తమరే. డిస్కౌంటు బోర్డులూ యాప్‌లూ రాకముందు నుంచీ మా ఇళ్లలో నడుస్తున్న పద్ధతి ఒకటుంది, దానికి ఏ స్కీమూ అక్కర్లేదు. డాక్టరు నెలకు ముప్పై మాత్రలు రాస్తే పదిహేను కొనడం. తల తిరిగినప్పుడు బీపీ మాత్ర, కాళ్లు తిమ్మిరెక్కినప్పుడు షుగరు మాత్ర. "బాగానే ఉందిగా, ఈ వారానికి చాల్లే" అని అమ్మ తన అట్ట తీసి నాన్న డబ్బాలో పెడుతుంది. ఇలా మిగిలిన డబ్బు చివరికి ఏ ఐసీయూ కౌంటరులో జమవుతుందో తమరికి మా కన్నా బాగా తెలుసు. ఎటు తిప్పినా డబ్బు తమరి గడప తొక్కేలా ఏర్పాటు చేసిన ఆ దూరదృష్టికి ఇదే మా వందనం.

ఇట్లు,
రోజు మార్చి రోజు మాత్ర మింగే
తమరి రుణగ్రస్తులు