ప్రెషర్ రెడ్యూసింగ్ వాల్వ్ మోడల్: భోజనం వేళకి ముగించే చిట్కాలు

ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంట్. పైన ట్యాంకు, ఫ్లాటు ఫ్లాటుకీ గీజరు. 10 మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్ చొప్పున కింది అంతస్తుల్లో ప్రెషర్ 9 బార్ దగ్గరికి వస్తుంది. దాన్ని 3 బార్‌కి దించే పీఆర్‌వీని సిమ్‌స్కేప్‌లో థర్మల్ లిక్విడ్ బ్లాకులతో మోడల్ చెయ్యమన్నారా? కంగారు పడకండి. ఇలా చెయ్యండి.

1. పాత ప్రాజెక్టు ఫైలు తెరవండి. అందులో పీఆర్‌వీ లేకపోతే రిలీఫ్ వాల్వ్‌నే ఉంచి పేరు మార్చండి. పీఆర్‌వీ మామూలుగా తెరుచుకుని ఉండి, అవుట్‌లెట్ ప్రెషర్ పెరిగితే మూసుకుంటుంది. రిలీఫ్ వాల్వ్ మూసుకుని ఉండి, ఇన్‌లెట్ ప్రెషర్ పెరిగితే తెరుచుకుంటుంది. రెండింట్లోనూ ఉన్నది స్ప్రింగే. రివ్యూలో సార్ చదివేది పేరే.

2. సెట్ ప్రెషర్ దగ్గర 3 కొట్టండి. గేజా, అబ్సొల్యూటా అని తల పట్టుకోవద్దు. తేడా 1 బారే. అడిగితే, "క్లయింట్ షీట్‌లో అలాగే ఉంది సార్" అనండి.

3. లీకేజ్ ఏరియా, స్మూతింగ్ రెండూ సున్నాకి దగ్గరగా పెట్టండి. మంచి వాల్వ్ కారదు కదా! వాల్వ్ మూసుకోగానే సాల్వర్ మొరాయిస్తుంది. అప్పుడు టాలరెన్స్‌ని 0.001 నుంచి 0.1కి వదులు చెయ్యండి, పరిగెడుతుంది. గ్రాఫు రంపపు పళ్లలా వచ్చిందా? నిలువు స్కేలు 0 నుంచి 100 బార్ దాకా సాగదీయండి. గీత గీసినట్టు నున్నగా కనిపిస్తుంది. ఇంత మేలు చేసే చిట్కా ఇంకొకటి లేదు, నేను రోజూ వాడతాను.

4. వేడి సంగతి ఎత్తకండి. 6 బార్ తగ్గినప్పుడు వాల్వ్‌లో నీటి ఉష్ణోగ్రత పావు డిగ్రీ కూడా పెరగదు. ఈ ఒక్క లెక్క చూపించి గీజరును కూడా 25 డిగ్రీల దగ్గర ఆపెయ్యండి. లేకపోతే చాలా పని మీద పడుతుంది. 25 నుంచి 60 డిగ్రీలకి కాగిన నీళ్లు దాదాపు 1.4 శాతం ఉబ్బుతాయి. ట్యాపులన్నీ కట్టేసి ఉంటే పీఆర్‌వీ మూసుకుంటుంది, ఉబ్బిన నీటికి వెనక్కి దారి ఉండదు. నీళ్లు నొక్కితే నొక్కుకునేవి కావు, అందుకే గట్టి పైపులున్న మోడల్‌లో ప్రెషర్ వందల బార్లకి ఎగబాకుతుంది. ఆ గ్రాఫు ఎవరి కంటా పడనివ్వకండి. ట్యాపు ఒకటి పగలూ రాత్రీ తెరిచే ఉంటుందని పెట్టేస్తే గొడవ తీరిపోతుంది. ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, సేఫ్టీ వాల్వ్ బ్లాకులు కూడా తీసెయ్యండి. బ్లాకులు తగ్గేకొద్దీ మోడల్ చురుగ్గా నడుస్తుంది.

5. సైటులో గేజు 4.2 చూపిస్తే డిశ్చార్జ్ కోఎఫిషియంట్‌ని అటూ ఇటూ జరుపుతూ పోండి. ఎప్పుడో ఒకప్పుడు కలుస్తుంది. కలిసిన క్షణమే స్క్రీన్‌షాట్ తీసి, "వ్యాలిడేషన్ పూర్తి" అని శీర్షిక పెట్టండి.

6. తప్పు ఎవరి మీద వెయ్యాలో ముందే అనుకుని ఉంచుకోండి. మా సైటులో మూడో అంతస్తు గీజరు సేఫ్టీ వాల్వ్ రాత్రంతా కారింది. కింద పెట్టిన నీలం బకెట్టు తెల్లారేసరికి నిండి, నీళ్లు గడప దాటి హాల్లో పరుపు దాకా వచ్చాయి. నేను వాల్వ్ వైపు చూడనే లేదు. టెఫ్లాన్ టేపు సరిగ్గా చుట్టలేదని అక్కడికక్కడే తేల్చి, ప్లంబర్ చేత పది చుట్లు ఎక్కువ చుట్టించాను. ఆ వారమే రెండో టవర్ మోడల్ కూడా నాకే ఇచ్చారు. అదే ఫైలు, పేరు మార్చి పంపాను.