డిసెంబరు వాస్కోడగామాలు

చలి మొదలయ్యేసరికి భద్రాచలంలో ముక్కోటి హడావుడి. గోదావరిలో తెప్పోత్సవానికి హంసవాహనం ముస్తాబు చేసేవాళ్లు ఒకవైపు, ఉత్తర ద్వారం దగ్గర బారికేడ్లు కట్టేవాళ్లు ఇంకోవైపు. అదే రోజుల్లో నగరాల్లో మరో ఉత్సవం నడుస్తుంది. దీనికి గుడి లేదు, పూజారి లేడు, ముహూర్తం మాత్రం ఉంది. “ఈ ఏడాది నేను కనుగొన్న పది ఆల్బమ్‌లు” అంటూ జాబితా విడుదల చెయ్యడమే ఇందులో తంతు.

ఈ జాబితాలకు ఒక వాస్తు ఉంది. మొదటి స్థానంలో మనవాళ్లెవరూ వెళ్లని దేశం ఉండాలి. ఐస్‌లాండ్ ఉత్తమం, మాలి మధ్యమం. మూడో స్థానం పాత ఇళయరాజాది, వినయం కనబడాలి కదా. ఆరో స్థానం మట్టికి. ఎవరి మట్టి అన్నది ఏటా మారుతుంది గానీ మట్టి పడటం మాత్రం ఖాయం. ఆ స్థానం ఒక్కోసారి ఖమ్మం దాటాక మొదలయ్యే అడవి అంచుకు దక్కుతుంది. దక్కిన పాపానికి పక్కనే మూడు ముక్కలు మొలుస్తాయి: మట్టి వాసన, అడవి గుండెచప్పుడు, ఆత్మను తాకింది. రాసినాయన ఆ అడవిని చూసింది పాపికొండల లాంచీ పైఅంతస్తు నుంచి, అదీ భోజనం కలిపిన ప్యాకేజీలో. అయినా సరే, కనుగొన్నది ఆయనే.

ఏం కనుగొన్నారో చూద్దాం. మొదటిది, మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన భద్రాచల రామదాసు కీర్తనలు. “మరుగున పడిన రత్నం” అని కితాబు. ఎక్కడ మరుగున పడిందండీ? శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు కుర్రాడు తెల్లారగానే పెట్టేవి రామదాసు కీర్తనలే. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనితో నిద్రలేచిన తరానికి బాలమురళి గొంతు ఇంట్లో మనిషి గొంతు. 1980లో విడుదలైన ‘శంకరాభరణం’లో రామదాసు కీర్తనలు వాణీ జయరాం పాడగా ఊరూరా తిరిగాయి. 2006లో ‘శ్రీరామదాసు’ సినిమా వచ్చి, కీరవాణి సంగీతంలో రామదాసును ఆటో స్పీకర్ల దాకా తెచ్చింది. ఇంతమంది చెవుల్లో ఇన్నేళ్లు మోగింది మరుగున పడిందంటే, మరుగున ఉన్నది వినేవారే అయ్యుండాలి.

అసలు జాబితా ఎలా రాయాలో రామదాసే చూపించాడు. ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న, ఊరు నేలకొండపల్లి, తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణా తహసీల్దారు. ఖజానా సొమ్ముతో గుడి కట్టించాడన్న నేరానికి గోల్కొండ చెరలో 12 ఏళ్లు మగ్గాడని సంప్రదాయం చెబుతుంది. ఆ బాధలో పాడిన ఒక కీర్తనలో ఆయన ప్రాకారానికి ఎంతయిందో, సీతమ్మ పతకానికి ఎంతయిందో వస్తువు వారీగా ఏకరువు పెట్టి, రాముడి కలికితురాయి దగ్గరికొచ్చేసరికి దేవుణ్ణే నిలదీస్తాడు. అదీ జాబితా అంటే. మన డిసెంబరు జాబితాలో ర్యాంకు ఉంటుంది, రంగుల అట్ట ఉంటుంది, నక్షత్రాలు ఉంటాయి. ఖర్చు గడి ఒక్కటే ఉండదు. యాప్ చందా కూడా బావమరిది కట్టే ఫ్యామిలీ ప్లానులోదే.

రెండో ఆవిష్కరణ ఇంకా ఘనమైంది. ఈసారి కోయ పాట దొరికింది!

కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ విభాగాలున్నాయి. ఏ గట్టు వేల్పు ఎక్కడి నుంచి నడిచొచ్చింది, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్న చరిత్రంతా డోలీలనే కథకులు పడిగె అనే బొమ్మల జెండా ముందు నిలబడి పాడి చెబుతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు ఆ విద్యలో దిట్ట. సమ్మక్క సారలమ్మల కథనూ కోయ వీరుల కథలనూ అటు కోయలోనూ ఇటు తెలుగులోనూ చెప్పేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. అలాంటివారిని వాళ్ల చోట వినాలంటే వేల్పుల కొలుపుకు వెళ్లాలి, రాత్రి మెలకువగా ఉండాలి, పెట్టింది తినాలి. జాబితాలవారికి వీటిలో మూడోది తప్ప ఏదీ కుదరదు.

కాబట్టి పాటే వాళ్ల దగ్గరికి వస్తుంది. వచ్చేముందు దానికి కొన్ని సంస్కారాలు జరుగుతాయి. రాత్రంతా సాగే కథను మూడున్నర నిమిషాలకు కోస్తారు. డోలు తీసేసి కీబోర్డులోని డోలు పెడతారు. కోయ మాటలు తీసేసి తెలుగులో ప్రేమ పెడతారు. ‘రేల’ మాత్రం ఉంచుతారు, పల్లవికి కావాలి. చివర్న పేర్ల పట్టీ: సాహిత్యం జానపదం, బాణీ సాంప్రదాయం, హక్కులు కంపెనీవి. ఆ జానపదం గారి ఆధార్ కార్డు ఇంతవరకూ ఎవరూ చూడలేదు కనుక ఆయనకు చెక్కు పంపే శ్రమ కూడా లేదు.

పంపాలన్నా లెక్క కుదరదు. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒకసారి విన్నట్టు జమ. గడిచిన 12 నెలల్లో కనీసం 1000 సార్లు వినని పాటకు 2024 నుంచి అక్కడ రాయల్టీయే లేదు. డోలీ కథ ఎత్తుకుని వేల్పులకు దండం పెట్టేసరికే 30 సెకన్లు దాటిపోతాయి. తెల్లవార్లూ పాడినా ఆ యంత్రం దృష్టిలో ఒకసారే. ఊరంతా కూర్చుని విన్నా ఫోను ఒకటే అయితే మళ్లీ ఒకసారే.

ఈ పాటను ఏ పెట్టెలో వెయ్యాలన్నది ఇంకో తంటా. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉంది, ఆ తర్వాత ఖమ్మంలో, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెంలో. 2014లో పోలవరం కోసం చింతూరు, శబరి ఒడ్డు కూనవరం వంటి మండలాలు ఆంధ్రకు వెళ్లాయి. కోయలు అటు ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మాలోనూ ఒడిశాలోని మల్కన్‌గిరిలోనూ ఉన్నారు. యాప్‌లో మాత్రం తెలంగాణ జానపదం, ఆంధ్రా జానపదం అని వేర్వేరు పెట్టెలు. మేనమామ ఒక ప్లేలిస్టులో, మేనల్లుడు ఇంకో ప్లేలిస్టులో. మీ భాష ఎంచుకోండి అని అడిగే పట్టీలో కోయ భాష కోసం నేను వెతికిన చోటల్లా నిరాశే.

ప్రభుత్వానికి ఈ బాధ లేదు. కొమ్ము కోయ నృత్యాన్ని అది ఎప్పుడో కనుగొంది. మంత్రిగారు దిగే చోట, కలెక్టరుగారి వేదిక మెట్ల దగ్గర, దున్నకొమ్ముల తలపాగాలు ఎండలో గంటల తరబడి నిలబడతాయి. అయ్యవారు రాగానే మూడు నిమిషాలు ఆట, ఒక సెల్ఫీ. జాబితా రాసేవారికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ కనీసం ఆటో ఛార్జీలు అడగడానికి ఒక ఆఫీసు ఉంది.

“అయితే వినడమే తప్పంటారా?” అని ఉడుక్కునేవారు ఉంటారు. వినండి. హాయిగా వినండి, పదిమందికి వినిపించండి. పాట కోరుకునేదీ అదే. మీకు నచ్చిందని చెబితే ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా కనుగొన్నానన్న బోరవిరుపుతో. నిజానికి ఆ పాటను మీ ముందుకు తోసింది కంపెనీ యంత్రం. ఏడాది పొడుగునా మీరు ఏం విన్నారో లెక్కకట్టింది అదే, రంగులు పూసి కార్డు చేసిందీ అదే. 2025లో మీ చెవులకు వయసెంతో కూడా చెప్పింది. ఆ కార్డును ఊరంతా పంచి కంపెనీకి ప్రచారం చేసింది మాత్రం మీరు, ఒక్క రూపాయి కూలీ అడగకుండా. ఉపాధి హామీ పనికి కూడా రేటుంది కదండీ!

నిజంగా కనుగొనాలన్న పట్టుదల ఉంటే భద్రాచలంలో పని బోలెడుంది. రామదాసు తర్వాత ఆ గుడిని నిలబెట్టినవాడు తూము నరసింహదాసు. గుంటూరువాడు. గుడి సేవలకు ఒక పద్ధతి ఏర్పరిచాడు, తానూ కీర్తనలు రాశాడు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో మాట ఇది. ఆయన కీర్తనలు ఎన్ని జాబితాల్లో చూశారు? యంత్రం తోయలేదు కనుక మీరు కనుగొనలేదు. 1940లలో హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా ఆయన గోదావరి గుట్టల్లో కొండరెడ్ల మధ్య ఉండి, వాళ్ల జీవితం గురించి 1945లో పుస్తకం వేశాడు. ఆయన చూపులో లోపాలుంటే ఉండొచ్చు, చర్చించుకోవచ్చు. గుట్ట ఎక్కాడన్నది మాత్రం కాదనలేం.

అందుకని వచ్చే డిసెంబరుకు నాదో చిన్న ప్రతిపాదన. ఆల్బమ్ పేరు పక్కన ఇంకో మూడు గడులు గీయండి. పాడినవాళ్ల పేరు, వాళ్ల ఊరు, మీ చేతుల మీదుగా వాళ్లకు ముట్టింది ఎంత. మొదటి గడిలో జానపదం అని రాస్తే చెల్లదు. రెండో గడిలో అడవి అని రాసినా చెల్లదు. మూడో గడిలో ప్రేమ, గౌరవం, ఆదరణ వంటివి రాయకూడదు, అంకెలే వెయ్యాలి. పదింటిలో ఒక్క ఆల్బమ్‌కైనా మూడు గడులూ నిండితే మీరు కనుగొన్నట్టే లెక్క, నేనే వచ్చి శాలువా కప్పుతాను. నిండకపోతే పైన శీర్షిక మార్చుకోండి: “ఈ ఏడాది నా ఫోను నాకు వినిపించినవి.” అందులో అబద్ధం లేదు, అవమానమూ లేదు.