ఉమ్మి పరీక్ష బావగారు

ఖతర్ రాజధానిలో అల్ దోహా అల్ జదీదా అని మెట్రో స్టేషన్ బోర్డు మీద ఎంత పొడుగ్గా రాసినా మనవాళ్ల నోట్లో అది దోహా జదీదే. 2019లో రెడ్ లైన్ రైలు కింద నుంచి పరుగులు మొదలుపెట్టినా, పైన ఉన్నవి చాలామటుకు అవే పాత బిల్డింగులు, అవే బెడ్‌స్పేస్ గదులు, అవే కరక్ చాయ్ కొట్లు. శుక్రవారం సాయంత్రం అక్కడ నలుగురు తెలుగువాళ్లు చేరారంటే అందులో ఒక బావగారు ఉండి తీరతారు. ఆయన వాళ్లలో ఎవరి అక్కనూ చేసుకోలేదు, అయినా అందరికీ బావే. వయసు నలభై దాటింది, ఉద్యోగం ఏసీ గదిలో, పొట్ట చొక్కా గుండీలతో నిత్య పోరాటంలో. ఇలాంటి బావగార్లు ఒకప్పుడు ప్లాట్లు ఎక్కడ కొనాలో చెప్పేవారు, ఆ తర్వాత క్రిప్టో గురించి చెప్పారు, ఇప్పుడు జన్యువుల గురించి చెబుతున్నారు. పోయిన సెలవులో ఇంటికి వెళ్లినప్పుడు ఒక చిన్న గొట్టంలో ఉమ్మిని జన్యు పరీక్షల కంపెనీకి పంపారు. రిపోర్టు ఫోన్‌లోకి వచ్చింది. అంతే, బీపీ ఆఖరిసారి ఎప్పుడు చూపించుకున్నారో గుర్తులేని మనిషి తన జన్యువుల పేర్లు ఇంగ్లిష్ అక్షరాలతో, అంకెలతో సహా అప్పజెబుతున్నారు.

ఆయన తెలుసుకున్న సంగతులు తక్కువేమీ కావు. చెవిలో గులిమి పొడిగా ఉంటుందా, జిగటగా ఉంటుందా అనేది రిపోర్టు చెప్పింది. ఈ విషయం తెలుసుకోవడానికి చిటికెన వేలు చాలు కదా అని ఎవరూ అడగరు, బావగారు నొచ్చుకుంటారు. కొత్తిమీర కొందరికి సబ్బులా తోస్తుందట, ఆ లక్షణం తనకు లేదని తేలింది. జన్మంతా కొత్తిమీర పచ్చడి కలుపుకుని తిన్న మనిషికి డబ్బిచ్చి మరీ ధ్రువపత్రం దొరికింది. కండరాలు స్ప్రింటర్ రకమని ఇంకో పేజీ చెబుతుంది, అందువల్లే కాబోలు స్టేషన్ దాకా నడవకుండా ట్యాక్సీ ఎక్కుతారు. కాఫీ, టీలలోని కెఫీన్ తన ఒంట్లో నెమ్మదిగా అరుగుతుందన్న ముక్క మాత్రం నాలుగో కరక్ తాగుతూ చదివి వినిపిస్తారు. ఇవేవీ అబద్ధాలు కావు. పనికొచ్చే నిజాలూ కావు. కొనేముందు ఈ తేడా ఎవరూ అడగరు, అడిగితే కంపెనీకి గిరాకీ ఉండదు.

మరి డబ్బు పోసి ఎందుకు కొన్నట్టు? నా లెక్క ఇది: బావగారికి కావలసింది సమాచారం కాదు, నెపం. షుగర్ అంచున ఉన్నారని ఏ క్లినిక్‌లోనైనా ఫాస్టింగ్ రక్తం చుక్క చెబుతుంది. కానీ ఆ చుక్క ఆయన మీద పని పెడుతుంది: అన్నం తగ్గించు, నడువు, మూడు నెలలకు మళ్లీ రా. జన్యువు అలాంటి ఇబ్బంది పెట్టదు. మా వంశంలోనే ఉందని పెద్దలు నోటిమాటగా అన్న మాటకు ఇప్పుడు పీడీఎఫ్ వచ్చింది. ఇక పరోటా తప్పు కాదు, తాతగారిది తప్పు. ఆలోచించి చూడండి, నిజామాబాద్ నుంచో కడప నుంచో విమానం ఎక్కిన జన్యువులే దోహాలో దిగాయి, దారిలో ఒక్క అక్షరం మారలేదు. మారింది నిద్ర, కూర్చునే గంటలు, ఎండ, అర్ధరాత్రి బిర్యానీ. భారత వైద్య పరిశోధనా మండలి సర్వే 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్ల పైచిలుకు. ఒకటి రెండు తరాల్లో జన్యువులు ఇంతగా మారవు, పళ్లెం మారుతుంది. అదే బిల్డింగ్‌లో కింది గదిలో ఉండే కట్టడం పనివాడి సంగతి ఇంకా సూటిగా ఉంది. ఖతర్‌లో నేపాలీ కార్మికుల గుండె మరణాలకూ వేడికీ ఉన్న సంబంధాన్ని 2019లో ఒక అధ్యయనం చూపింది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు 10 నుంచి 3:30 వరకు బయటి పని ఆపాలన్న నిబంధన ఆ గుండెకు చేసే మేలు ఏ ఉమ్మి గొట్టమూ చేయదు.

తెలిస్తే జాగ్రత్త పడతాం కదా అన్నది బావగారి మొదటి వాదన. వినడానికి బాగుంది. 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 18 అధ్యయనాలను కలిపి చూసినవాళ్లకు మాత్రం, జన్యు ప్రమాదం తెలిసినందువల్ల జనం సిగరెట్ మానడం గానీ, తిండి మార్చడం గానీ, వ్యాయామం పెంచడం గానీ కనిపించలేదు. నా జీన్‌కి కార్బ్ పడదు అనేది రెండో వాదన. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని ఏడాది పాటు కొవ్వు తగ్గించిన తిండి మీదా, పిండిపదార్థం తగ్గించిన తిండి మీదా పెట్టి, ఎవరి జన్యువుకు ఏది నప్పుతుందో చూశారు. 2018లో తేలింది ఏమిటంటే, జన్యువును బట్టి తేడా ఏమీ లేదు. ఏ పద్ధతైనా సరే, పాటించినవాడు తగ్గాడు.

ఇక రిపోర్టు నిక్కచ్చితనం. మన డీఎన్‌ఏలో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటే ఈ కిట్లలో ఎక్కువ భాగం చదివేది ఆరేడు లక్షల చోట్లే. 2010లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఐదుగురి నమూనాలను నాలుగు కంపెనీలకు పంపింది. ఒకాయనకు గుండె లయ తప్పినందుకు 13 ఏళ్ల కిందటే పేస్‌మేకర్ పెట్టారు. ఆ జబ్బు వచ్చే అవకాశం మీకు తక్కువని ఆయనకు కంపెనీ చెప్పింది. ఇది పాత కథ అంటారా, 2018లో ఒక క్లినికల్ ల్యాబ్ 49 మంది కేసుల్లో ఇలాంటి కిట్ల ముడి డేటా చూపిన మార్పులను సరిచూస్తే నూటికి నలభై అసలు లేనే లేవు. పైగా వ్యాధులనూ జన్యువులనూ ముడిపెట్టే పెద్ద అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో దాదాపు 79 శాతం యూరప్ సంతతివాళ్లేనని 2019లో లెక్కగట్టారు. వాళ్ల మీద కట్టిన కొలతతో మనకు చొక్కా కుడితే ఎక్కడో బిగుస్తుంది. తెలుగువాళ్లు బొత్తిగా లేరని కాదు. 2015లో ముగిసిన 1000 జినోమ్స్ ప్రాజెక్టులో బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు వందమంది వరకు ఉన్నారు. వందమందితో కోట్లమంది జబ్బుల జోస్యం చెప్పడం మాత్రం కుదరదు.

అయితే ఖతర్ ప్రభుత్వమే జినోమ్ ప్రాజెక్టు పెట్టింది కదా, అది పిచ్చా అని బావగారు గట్టి పాయింటే తీస్తారు. పిచ్చి కాదు. యూరప్ జనానికి తగ్గట్టు చేసిన, జన్యువులు చదివే చిప్ తమకు సరిపడదనే వాళ్లు తమ జనానికి తగ్గ చిప్ తయారు చేసుకున్నారు. ఖతర్ బయోబ్యాంక్ పౌరులతో పాటు 15 ఏళ్లకు పైగా ఉన్న నివాసులనూ చేర్చుకుని, రక్తం, బీపీ, శరీర కొలతలు అన్నీ తీసి, వాటి పక్కన డీఎన్‌ఏను పెట్టి చదివింది. బావగారు రెండోదాన్ని ఉంచుకుని మొదటివన్నీ వదిలేశారు. హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ కథ కూడా ఇంతే. క్యాన్సర్ రాకముందే రొమ్ములు తీయించుకున్నానని 2013లో ఆమె బయటపెట్టిన నిర్ణయం వెనుక ఉన్నది తల్లి క్యాన్సర్, డాక్టర్ చేయించిన పూర్తి పరీక్ష. అమెరికా కంపెనీ 23 అండ్ మీ ఉమ్మి కిట్‌లో ఆ క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యువుల పరీక్షకు అమెరికా అధికారులు 2018లో అనుమతిచ్చినప్పుడు అది చూసినది, తూర్పు యూరప్ యూదుల్లో ఎక్కువగా కనిపించే మూడు మార్పులను మాత్రమే. తెలిసిన మార్పులు వెయ్యికి పైనే. ఆ మూడూ లేవని ఒక తెలుగు ఆడపిల్ల ఊపిరి పీల్చుకుంటే, ఆ ఊరటకు ఆధారం లేదు.

జన్యువులు మనకు అక్కర్లేదని నేను అనడం లేదు. వైశ్య కుటుంబాల్లో కొందరికి ఒక ఎంజైము లోపం వస్తుంది. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అందరిలో నిమిషాల్లో దిగిపోతే వాళ్లలో గంటల తరబడి నిలుస్తుంది, అంతసేపూ ఊపిరికి మిషనే దిక్కు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములైన 2017 అధ్యయనం ఈ లోపం ఆ సమాజంలో మిగతావారికన్నా వంద రెట్లు ఎక్కువని చెప్పింది. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు తప్పిపోవడం మన ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉందని 2009లో చూపిందీ సీసీఎంబీ వాళ్లున్న బృందమే. నిజమైన తెలుగు జన్యు సమాచారం అంటే ఇది. కానీ మొదటిదానికి కావలసింది మత్తు డాక్టర్‌కు ముందే చెప్పడం, ఒక రక్త పరీక్ష. రెండోదానికి గుండె ఎకో. రెండింటికీ ఉమ్మి గొట్టం అక్కర్లేదు. చిన్న వయసులో గుండెపోట్లు, రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్లు ఇంట్లో వరుసగా ఉన్నా, మేనరికం చేసుకుని పిల్లల్ని కనబోతున్నా జన్యు పరీక్ష తప్పకుండా విలువైనదే. అది డాక్టర్ రాసి, ఫలితాన్ని కౌన్సెలర్ విడమరిచి చెప్పే పరీక్ష. సెలవుకు వెళ్లినప్పుడు అలా చూపించుకోవడానికి హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

ఇంకొక్క చిన్న మాట, చిన్నదని కొట్టిపారేయకండి. 2023లో 23 అండ్ మీ నుంచి 69 లక్షల మంది వివరాలు దొంగలపాలయ్యాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా కోర్టుకెక్కింది. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, డీఎన్‌ఏ మార్చుకోలేం. పైగా అందులో తోబుట్టువుల వాటా సగం, వాళ్లను బావగారు అడగనే లేదు.

కాబట్టి ఇంట్లో చెప్పుకోదగ్గ జబ్బుల చరిత్ర లేనివాళ్లకు నా తీర్పు: కొనకండి. వినోదానికైతే కొనుక్కోండి, ఆరోగ్యం పద్దులో మాత్రం రాయకండి. ఆ డబ్బులో కొంత పెడితే దోహాలోనే బీపీ, మూడు నెలల షుగర్ సగటు, కొలెస్ట్రాల్ చూపించుకోవచ్చు. ఈ శుక్రవారం అమ్మకు ఫోన్ చేసినప్పుడు మాత్రం తాతలు, మామ్మలు, మేనమామలు, మేనత్తలు ఎవరెవరు ఏ జబ్బుతో, ఏ వయసులో పోయారో అడిగి కాగితం మీద రాసుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్లండి.