నిద్ర ఉత్తర్వుకే

జూనియర్ డాక్టర్‌తో ఏకబిగిన 12 గంటలకు, వారానికి 48 గంటలకు మించి మామూలుగా పనిచేయించరాదని కేంద్ర ఆరోగ్య శాఖ 1992లోనే చెప్పింది. అప్పటినుంచి ఆ ఉత్తర్వు ఫైల్లో హాయిగా నిద్రపోతోంది. 36 గంటల డ్యూటీలో ఉన్న పీజీ డాక్టర్‌కు మాత్రం ఆ యోగం లేదు.

రాత్రంతా క్యాజువాలిటీలో కుట్లు వేసినవాడే పొద్దున రౌండ్స్‌కు కేస్‌షీట్లు సిద్ధం చేస్తాడు, ఆనక ఓపీలో కూర్చుంటాడు. మధ్యలో ల్యాబుకు శాంపిళ్లు మోయడం, స్ట్రెచర్ తోయడం కూడా స్పెషలిస్టు శిక్షణే. వార్డుబాయ్ పోస్టు ఖాళీ అయితే సిలబస్ దానంతటదే పెరుగుతుంది.

2023 పీజీ నిబంధనలు గంటల లెక్క వదిలేసి ‘సహేతుకమైన’ పనివేళలు అన్నాయి. ఎవరికి సహేతుకమో యూనిట్ చీఫ్ చూసుకుంటారు. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు దాటొద్దని, రోజూ 7–8 గంటలు నిద్రపోవాలని సిఫారసు చేసింది. 32 ఏళ్లలో 48 కాస్తా 74 అయిందన్నమాట, ఊరట పేరుతోనే.

మనసు కుంగితే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది, 24 గంటలూ పలుకుతుంది. మాట్లాడే తీరిక డ్యూటీ చార్టులో రాయలేదు. సీటు వదిలేద్దామంటే లక్షల బాండు. దాన్ని ఎత్తేయమని కమిషన్ 2024 జనవరిలో రాష్ట్రాలకు రాసింది. రాయడం దాని వంతు.

ఇక స్టైపెండ్. 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగి కోరినవాటిలో, అది నెలనెలా అందేలా గ్రీన్ చానెల్ ఒకటి. పెంచమని కాదు, ఇస్తామన్నది ఇమ్మని.