చిన్న తెర... పెద్ద తగ్గింపు!

2025 సెప్టెంబరు 22న టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగిందని ఊరూవాడా సంబరం. గాజువాకలో ఓ కాంట్రాక్టు కార్మికుడు షాపుకెళ్లి, 32 అంగుళాల టీవీ ముందు నిలబడి అడిగాడు: ‘‘దీనికేటి తగ్గింది బాబూ?’’

ఏమీ లేదు. ఆ సైజు 2019 జనవరి నుంచే 18లో ఉంది. ఇప్పుడు దిగింది అంతకంటే పెద్ద తెరలకే!

‘‘అయితే 55 అంగుళాలది తీసుకో అన్నయ్యా, బోల్డు మిగుల్తాది’’ అన్నాడు సేల్స్ కుర్రాడు. మిగలాలంటే ముందు అప్పు చెయ్యాలన్నమాట.

‘‘వద్దులే. మరి దీని మీద ‘హెచ్‌డీ రెడీ’ అనుందేటి?’’

‘‘1366 బై 768 చుక్కలు. ఫుల్ హెచ్‌డీలో సగం. పేరుకే రెడీ అన్నయ్యా, ఫుల్ అవదు.’’

‘‘ఓహో... మా పర్మనెంటు లాగన్నమాట!’’