పరీక్ష చేయని నీళ్లు పరమ పవిత్రం

అమెరికా వాళ్లు సైన్సులో ఎంత ముందున్నా పరిపాలనలో ఇంకా పసిపిల్లలే. కావాలంటే బ్రూక్‌హేవన్ సంగతి చూడండి. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో ఉన్న సర్కారు పరిశోధనశాల అది. అక్కడి రియాక్టర్‌లో వాడేసిన ఇంధనాన్ని ముంచి ఉంచే తొట్టి ఒకటి ఒకప్పుడు ఎక్కడో కారుతూ ఉండేది. రోజుకు మహా అయితే రెండు బిందెల నీళ్లు. ఆ నీళ్లలో ట్రిటియం ఉండేది, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్. రియాక్టర్ పక్కన పరిశీలన బావులు తవ్విస్తామని 1994లోనే అక్కడి కౌంటీ అధికారులకు మాటిచ్చారు. ఇచ్చి, పక్కన పెట్టారు. ఇంతవరకు అంతా మన పద్ధతే, వంక పెట్టడానికి లేదు. చెడింది ఎక్కడంటే, చివరికి నిజంగానే తవ్వేశారు!

1997 జనవరిలో ట్రిటియం బయటపడింది. పన్నెండేళ్లుగా కారుతూ ఉండొచ్చని లెక్క తేలింది. ఆ నీళ్లు ల్యాబు ప్రహరీ దాటలేదు, ఏ ఇంటి గ్లాసులోకీ చేరలేదు. అయినా అదే ఏడాది మే నెలలో ఇంధన శాఖ మంత్రి ఫెడెరికో పెన్యా, యాభై ఏళ్లుగా ఆ ల్యాబును నడుపుతున్న సంస్థ కాంట్రాక్టును రద్దు చేసి ఇంటికి పంపాడు. అప్పటికే ఆగి ఉన్న రియాక్టర్‌ను ఇక ఎప్పటికీ తెరవబోమని 1999లో చెప్పేశారు.

రెండు బిందెలకు ఇంత రాద్ధాంతం! మన దగ్గర్నుంచి అనుభవం ఉన్న ఒక్క ఇంజనీరును డిప్యుటేషన్ మీద పంపి ఉంటే ఆ ల్యాబు పరువు దక్కేది. ఆయన చెప్పేవాడు: బావి తవ్వకపోతే నమూనా లేదు, నమూనా లేకపోతే రిపోర్టు లేదు, రిపోర్టు లేకపోతే కాలుష్యం ఎక్కడిది?

ఈ శాస్త్రంలో మన వరంగల్ సాధించిన ప్రగతి చూడాలంటే కాజీపేట దాటి హైదరాబాద్ రోడ్డు పట్టుకోవాలి. మడికొండ వస్తుంది. ఐటీ సెజ్ అక్కడే. 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా క్యాంపస్‌లకు రిబ్బన్ కత్తిరించారు. ఆ దగ్గర్లోనే రాంపూర్. మహానగరపాలక సంస్థ ఏళ్ల తరబడి నగరం చెత్తంతా తెచ్చి పోసింది అక్కడే. గుట్ట లేచింది. ఎండాకాలం అది అంటుకుని పొగ, వానాకాలం దాని కిందినుంచి నల్లటి రసం. డంపుయార్డు ఎత్తేయండని ఊరివాళ్లు రోడ్డెక్కని కాలం లేదు.

ఈ నగరం సామాన్యమైనది కాదు. 2012 అక్టోబరులో దేశంలో ఎక్కడా లేని విధంగా ఇక్కడ పరిశుభ్ర నగరాల పోటీలు జరిగాయి. రాష్ట్రంలోని మున్సిపాలిటీల సిబ్బంది వచ్చి వీధులు పంచుకుని, తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి, కుండీలు లేని ఊరిగా మార్చి చూపించారు. పత్రికలు పొగిడాయి, పక్క రాష్ట్రాల వాళ్లు చూసి పోయారు. కుండీలు మాయమైన మాట నిజమే, వీధుల్లోంచి. 2016లో స్మార్ట్ సిటీ జాబితాలోకి కూడా ఎక్కాం. తెలివైన నగరం తన చెత్తను తన కంటికి కనబడనంత దూరంలో పెట్టుకుంటుంది. అక్కడా మనుషులుంటారన్న చిన్న చిక్కు తప్ప ఏర్పాటుకు లోపం లేదు.

తర్వాత బయోమైనింగ్ వచ్చింది. పేరు వింటే బంగారం తవ్వుతున్నట్టుంటుంది. పని మంచిదే, అందులో నాకు అనుమానం లేదు. పాత చెత్తను తవ్వి, ఆరబెట్టి, పెద్ద పెద్ద తిరిగే జల్లెళ్లలో వేసి ప్లాస్టిక్‌ను, రాళ్లను, మట్టిని విడగొడతారు. మండేది సిమెంటు ఫ్యాక్టరీలకు, రాళ్లు పల్లాలు పూడ్చడానికి. గుట్ట తరుగుతుంది, ఫొటోలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బిల్లు టన్నుల లెక్కన వస్తుంది.

టన్నుల్లోకి రానిది ఒకటుంది. ఏళ్లకేళ్లు వాన పడ్డప్పుడల్లా ఆ చెత్తలోంచి దిగి భూమిలోకి ఇంకిన రసం. వరంగల్ నేల కింద ఉన్నది నల్లరేగడి లోతు కాదు, గ్రానైటు. పైన కొంత మేర శిథిలమైన రాయి, దాని కింద పగుళ్లు. నీళ్లు ఆ పగుళ్ల వెంట ఎటు దారి దొరికితే అటు పోతాయి. ఈ బోరులో బాగుండి పక్క బోరులో చెడిపోవడం అందుకే. ఆ పగుళ్లను ఏ జల్లెడతో పడతారు? గుట్ట తీసేసి 'స్థలం శుభ్రం' అని బోర్డు పెట్టడం, పులుసు ఒలికిన చాపను దులిపి మళ్లీ పరచడం లాంటిది.

ఊరామె ఒకామె ఆఫీసుకు పోయిందనుకోండి.

"సారూ, బోరు నీళ్లు పచ్చగ వస్తున్నయి, వాసన."

"మిషన్ భగీరథ నల్లా వస్తలేదా అమ్మా?"

"వస్తున్నది సార్."

"మరి బోరెందుకు కొడుతున్నవు?"

ఈ సంభాషణ జరిగిందని నేననను. జరిగే వీలే లేదని మీరనండి చూద్దాం. కలుషిత భూగర్భ జలానికి ఇంత చౌకైన చికిత్స ఇంకెక్కడా లేదు: దాన్ని తాగకండి, అంతే. బర్రెలకు, పొలాలకు కూడా నల్లా కనెక్షన్ ఇచ్చేస్తే శాస్త్రం సంపూర్ణమవుతుంది. బ్రూక్‌హేవన్ వాళ్లు కూడా, ట్రిటియం కాక వేరే రసాయనాలు భూగర్భ జలంలో కలిసినందుకు, చుట్టుపక్కల ఇళ్లకు ప్రభుత్వ నల్లా ఇచ్చారు. ఇచ్చి ఊరుకోవాలన్న ఇంగితం లేక, కలుషిత నీటిని పైకి తోడి, రసాయనాలు తీసేసి, మళ్లీ భూమిలోకి దించుతూ కూర్చున్నారు.

మనకు హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ఉంది, గురుపీఠం అక్కడే. ఫ్యాక్టరీల మురుగు మీద డాక్టర్ అల్లాని కిషన్ రావు లాంటి వాళ్లు, ఊళ్ల రైతులు గొంతు చించుకున్నారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది, అక్కడ్నుంచి హైకోర్టుకు, అక్కడ్నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు నడిచింది. కోర్టు మెట్లకు అలుపు లేదు కదా. మధ్యలో మందుల కంపెనీల మురుగును శుద్ధి చేయడానికి ఉమ్మడి కేంద్రం కట్టారు. స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రంలోంచి శుద్ధయి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి 2007లో ఫలితం ప్రచురించారు. మళ్లీ చెబుతున్నా, శుద్ధయిన నీళ్లను. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ మందు బిళ్ల మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. జ్వరమొస్తే ఆ నీళ్లు కలిసే వాగు దగ్గరికి పోతే సరిపోయేది, డాక్టరు ఫీజు మిగిలేది. అయినా ప్రపంచమంతా చదివిన ఆ లెక్క మనకు చెప్పడానికి, ఇన్ని కేంద్ర ప్రయోగశాలలున్న హైదరాబాద్‌కు స్వీడన్ వాళ్లే దిక్కయ్యారు. ఇక ఆ కేంద్రం మురుగుకు దొరికిన పరిష్కారమేమిటంటే, గొట్టం వేసి అంబర్‌పేట దాకా పంపడం. విషానికి బదిలీ ఉత్తర్వులన్నమాట. మూసీలో జాయినయింది.

హైదరాబాద్ చెత్త పోసే జవహర్‌నగర్‌లో ఇంకో పద్ధతి. చెత్త గుట్ట మీద మట్టి, ప్లాస్టిక్ పొర కప్పి గడ్డి పెంచారు. పైనుంచి చూస్తే పార్కు. కిందనుంచి రసం మల్కారం చెరువులోకి చేరి కూర్చుంది. దాన్ని శుద్ధి చేయడం మళ్లీ వేరే పని, వేరే బిల్లు.

ఇంత చదివి, ఇదంతా చట్టంలో లేక జరుగుతోందని ఎవరైనా జాలిపడతారేమో. ఆ అవసరం లేదు. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనల్లోనే రాశారు: చెత్త పూడ్చే స్థలం అంచునుంచి 50 మీటర్ల లోపు భూగర్భ జలాన్ని వానలకు ముందు, వానల్లో, వానల తర్వాత పరీక్షిస్తూ ఉండాలి. నిబంధన రాసినవాడెవడో బ్రూక్‌హేవన్ మనిషి అయ్యుంటాడు.

కమిషనర్ గారికి ఒక మనవి. రాంపూర్‌లో గుట్ట ఎన్ని టన్నులు తరిగిందో ఫ్లెక్సీ కట్టే చోటే, చుట్టూ ఉన్న బోర్లలో సీసం ఎంత, నైట్రేటు ఎంత, కరిగిన లవణాలెన్నో మూడు కాలాల లెక్కా రాయించండి. మట్టి లెక్క కూడా. ల్యాబు లేదంటారేమో, కాజీపేట దారిలోనే నిట్ ఉంది. 1959లో నెహ్రూ గారు పునాదిరాయి వేసిన కాలేజీ అది, నీళ్లను పరీక్షించడం పిల్లలకు పాఠంగానే చెబుతారు. బండి లేదంటే మడికొండ సెంటర్లో ఏ ఆటోవాణ్ణి అడిగినా తీసుకుపోతాడు. సీసాలు ఊరివాళ్లే ఇస్తారు, మీ బడ్జెట్లో ఆ పద్దు లేదని వాళ్లకు ముందే తెలుసు.