నిలకడ

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ. చుట్టూ నాపరాయి నేల. 1872లో విలియం కింగ్ దొర కడప, కర్నూలు రాళ్ల మీద గ్రంథం వెలువరించి, ఈ సున్నపురాయికి నార్జి ఊరి పేరే ఖాయం చేశాడు.

రాయి మంచిదే. కానీ గనిలో ఈ మూల ఉన్నట్టు ఆ మూల ఉండదు. మట్టి పొర తగిలితే సిలికా పెరుగుతుంది. ల్యాబువాళ్లు గంటకోసారి బెల్టు మీద శాంపిల్ తీసి, పొడి చేసి, బిళ్ల కట్టి, ఎక్స్‌రే యంత్రంలో పెట్టి ఫలితం చెప్పేసరికి ఆ రాయి కుప్పలో కలిసిపోయేది.

అందుకని యాజమాన్యం బెల్టుకు ఒక ఎనలైజర్ బిగించింది. లోపల కాలిఫోర్నియం-252 ఉంటుంది. అది వదిలే న్యూట్రాన్లు రాయికి తగిలితే గామా కిరణాలు పుడతాయి. వాటిని బట్టి సున్నం ఎంత, సిలికా ఎంత, ఇనుము ఎంత అన్నది నిమిషనిమిషానికీ తెర మీద పడుతుంది. రెండున్నరేళ్లు దాటగానే కాలిఫోర్నియం సగానికి సగం తరిగిపోతుంది. మళ్లీ కొనాలి. ఖరీదు సంగతి అకౌంట్సువాళ్లను అడగాలి.

ఒకనాడు హైదరాబాదు నుంచి డైరెక్టర్లు వచ్చారు. జీఎం వాళ్లను కంట్రోల్ రూముకు తీసుకెళ్లి తెర చూపించాడు. సున్నం గీత పొద్దున ఆరింటి నుంచి తాడు పట్టి గీసినట్టుంది. 44.2 శాతం. నిమిషం గడిచింది. 44.2. ఇంకో నిమిషం. 44.2.

"ఇంత నిలకడ నేనెక్కడా చూడలేదు" అన్నాడు పెద్ద డైరెక్టరు.

జీఎం గనిలో బ్లాస్టింగు ప్లానింగు గురించి వివరించాడు. క్వాలిటీ మేనేజరు ఏ బెంచి రాయిని ఏ బెంచి రాయితో కలపాలో చెప్పాడు. షిఫ్టు ఇంజనీరు ఏమీ చెప్పలేదు. అందరూ తెర పక్కన నిలబడి ఫోటో దిగారు.

తలుపు దగ్గర శాంపిల్ కుర్రాడు నిలబడి ఉన్నాడు. చేతిలో బకెట్టు. అడుగున చారెడు దుమ్ము కూడా లేదు.

"ఏమప్పా?" అన్నాడు జీఎం.

"శాంపిల్ సార్..."

"పోయి తీసుకో. మిషన్ లెక్కతో సరిచూడాల కదా."

"యాడ తీసేది సార్? ఆరింటికే క్రషర్ నిలిచిపాయె. బెల్టు ఊరికే తిరుగుతాంది. రాయే లేదు."

తెర మీద ఇంకో నిమిషం పడింది. 44.2.

రాయి లేనప్పుడు సున్నాలు పడితే నెలసరి సగటు చెడిపోతుందని, చివరి అంకే నిలిచి ఉండేలా కిందటేడే సెట్టింగు మార్పించుకున్నారట.

నెలాఖరు రిపోర్టులో నాణ్యత అన్నిటికన్నా నిలకడగా ఉన్న రోజు కింద ఆ రోజునే చూపించారు. ఆ పూట శాంపిళ్లు తేనందుకు కుర్రాడికి మెమో ఇచ్చారు.